దేవుడు తింటే లడ్డూ తగ్గాలి కదా?

కొండాపూర్ నుంచి ఒక తల్లి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు కనుక విషయం మాత్రం క్లుప్తంగా చెబుతాం. వాళ్ళ బాబుకు ఏడేళ్ళు నిండాయి. మూడో ఏట నుంచీ మాంటిస్సోరి బడిలోనే (పిల్లలు వస్తువులతో తమంతట తామే పనిచేస్తూ నేర్చుకునే బడి) చదువుతున్నాడు, ఇప్పుడు ఎలిమెంటరీలో రెండో ఏడు. సూర్యాపేట నుంచి వచ్చి రెండేళ్ళుగా వీళ్ళతోనే ఉంటున్న అత్తయ్య రోజూ పొద్దున్నే పూజ చేస్తారు. మొదట్లో బాబు తనంతట తానే ఆమె పక్కన చేరి కుందులు తుడిచేవాడు, గంట కొట్టేవాడు. ఏడాదిగా అత్తయ్య శ్లోకాలు బట్టీ పట్టించడం మొదలుపెట్టారు. శ్లోకం అప్పజెబితే చాక్లెట్. వరంగల్‌లో ఉన్న ఆడపడుచు కూతురు వీడియో కాల్‌లో ముప్ఫై శ్లోకాలు గడగడా చదువుతుంది కాబట్టి ఆ పోలిక ఒకటి. ఇప్పుడు బాబు "రెండు చాక్లెట్లిస్తేనే చదువుతా" అంటున్నాడు. పోయిన నెల నైవేద్యం పెడుతుంటే "దేవుడు తింటే లడ్డూ తగ్గాలి కదా నాన్నమ్మా?" అని అడిగాడు. "అట్ల అనొద్దురా, కండ్లు పోతయ్" అన్నారామె. ఆ రాత్రి వాడు లైటు ఆర్పనివ్వలేదట. బడిలో టీచరేమో బహుమతులూ వద్దు, బలవంతమూ వద్దు అంటున్నారు. భర్త పదేళ్ళు వచ్చేదాకా పూజ జోలికే పోవద్దంటున్నారు. ఈవిడ మధ్యేమార్గంగా ఆన్‌లైన్‌లో ప్లాస్టిక్ పూజ సెట్టు తెప్పిస్తే అది రెండో రోజుకే మంచం కిందికి చేరింది. పూజ మాన్పించాలా, బడిలోనే పూజ పెట్టమని అడగాలా, లేక శ్లోకాలు నేర్పే బడికి మార్చాలా అన్నది ఆవిడ ప్రశ్న.

అమ్మా, ఆ మూడింటి సంగతి తర్వాత. ముందు ఈ రాత్రే చేయాల్సిన పని ఒకటుంది. బాబు పడుకోబోయే ముందు "అలా అడిగినందుకు నీ కళ్ళకేమీ కాదు" అని తేటగా ఒక్క మాట చెప్పండి. నాన్నమ్మ అబద్ధం చెప్పిందని మాత్రం అనకండి. "నువ్వు దేవుణ్ణి తక్కువ చేస్తున్నావేమోనని నాన్నమ్మకు భయం వేసింది, అందుకే అలా అంది" అంటే చాలు, వాడికి అర్థమవుతుంది. అత్తయ్యతో వేరే మాట్లాడొచ్చు, అది వాడి ముందు వద్దు. ఏడేళ్ళవాడికి న్యాయం, అన్యాయం అన్న పట్టింపు బాగా మొదలయ్యే వయసు. ప్రశ్న అడిగితే శిక్ష పడుతుందన్న లెక్క ఒకసారి మనసులో కుదిరిందా, దేవుడి గదికే కాదు, తరగతి గదికీ అదే లెక్క వర్తిస్తుంది.

వాడిలో ఏదో చెడిందని మీరు కంగారు పడుతున్నట్టున్నారు. నిజానికి వాడు సరిగ్గా వయసుకు తగ్గట్టే ఉన్నాడు. ఆరేళ్ళ లోపు పిల్లలు చుట్టూ ఉన్నదాన్ని చూసి పీల్చుకుంటారు. గంట ఎందుకని అడగరు, గంట కొట్టాలంటారు. పాలపళ్ళు ఊడే నాటికి అది మారుతుంది. "ఏమిటి"తో సరిపెట్టుకోరు, "ఎందుకు, ఎలా, ఎవరన్నారు" అంటారు. ఒంటరిగా కాకుండా నలుగురితో కలిసి చేయాలని కోరుకుంటారు, ఊహలో లోకాలు తిరిగొస్తారు. ఈ బడి పద్ధతిని తెచ్చిన మరియా మాంటిస్సోరి 6 నుంచి 12 ఏళ్ళ దశకు, అంటే ఎలిమెంటరీకి, వేరే చదువు రూపొందించింది ఇందుకే. ఆమె 1939లో మద్రాసులోని అడయారుకు వచ్చి, యుద్ధం కారణంగా ఏళ్ళ తరబడి మన దేశంలోనే ఉండిపోయింది. ఈ పెద్ద పిల్లల చదువు ఆలోచనల్లో చాలా భాగం కొడైకెనాల్‌లో ఉన్న రోజుల్లో పెరిగినవే. అందువల్ల మీ అత్తయ్య పూజకూ మీ బాబు బడికీ ఏదో పడదన్న భావన నుంచి ముందు బయటికి రండి. గొడవ పూజతో వచ్చింది కాదు. మూడేళ్ళవాడికి పనికొచ్చే పద్ధతినీ, పోటీ పరీక్షకు పనికొచ్చే పద్ధతినీ కలిపి ఏడేళ్ళవాడి మీద పెట్టడంతో వచ్చింది.

మొదట్లో వాడు కుందులు తుడిచేవాడన్నారే, ఉత్తరం మొత్తంలో నాకు పనికొచ్చిన వాక్యం అది. అప్పుడు వాడికి పూజలో ఒక పని ఉండేది. శ్లోకాలు వచ్చాక పని పోయి ప్రదర్శన మిగిలింది. ప్రదర్శనకు కూలి అడగడం సహజం. ఒకటికి రెండు అడగడం కూడా సహజమే, బేరం నేర్పింది మనమే కదా. ప్లాస్టిక్ సెట్టు మంచం కిందికి పోవడానికీ అదే కారణం. ఆ దీపం వెలగదు, ఆ గిన్నెలో నీళ్ళు నిలవవు, దాంతో చేయడానికి ఏమీ లేదు.

ఇక మీ ముందున్న దారులు. ఇప్పుడున్నట్టే సాగనిస్తే అత్తయ్యకు తృప్తి ఉంటుంది. శ్లోకాలు ఇరవయ్యో ముప్ఫయ్యో వస్తాయి. కాని చాక్లెట్లతో పట్టించింది చాక్లెట్లు ఆగినప్పుడే ఆగుతుంది, సాధారణంగా పదేళ్ళ వయసులో ఒకరోజు ఇంట్లో పెద్ద రభసతో. మీవారు చెప్పినట్టు పదేళ్ళ దాకా ఆపేస్తే ఇల్లు కొన్నాళ్ళు ప్రశాంతంగా ఉంటుంది, ప్రమాదమేమీ లేదు. రోజూ దీపం చూస్తూ పెరిగేవాడికి ఎంతో కొంత అబ్బుతూనే ఉంటుంది. నష్టమల్లా, కథలూ పుట్టుపూర్వోత్తరాలూ ఆబగా వినే వయసు అలా గడిచిపోతుంది. పైగా కోడలు మనవణ్ణి దూరం చేసిందని అత్తయ్య అనుకుంటారు. మీవారు చెప్పిన మాటే అయినా నింద మీ మీదికే వస్తుంది, ఇది మీకు నేను చెప్పనక్కర్లేదు. బడి మార్చడమంటారా, లడ్డూ ప్రశ్న కూడా వాడి బ్యాగులో పడి ఆ కొత్త బడికి వెళ్తుంది. వేరే కారణాలుంటే మార్చండి, దీనికోసం వద్దు.

ఇంకో దారి, పూజలో వాడి పని వాడికి తిరిగి ఇవ్వడం. దీనికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఈలోగా శ్లోకాల సంఖ్య పెరగదు, వరంగల్ పోలిక ఆగదు. ఆ రెండూ భరించగలిగితేనే మొదలుపెట్టండి. అత్తయ్యకు ఇష్టం లేకుండా మాత్రం ఇది ఒక్కరోజు కూడా నడవదు. "బడిలో ఇలా చెప్పారు" అని మొదలుపెడితే మాట అక్కడే ఆగిపోతుంది. "అత్తయ్యా, వాడికి వత్తులు చేయడం మీరు నేర్పుతారా? నాకు అంత సన్నగా రావు" అనండి. అది అబద్ధం కూడా కాకపోవచ్చు.

నేర్పే తీరు గురించి ఆమెకు కోరాల్సింది ఒకటే: చేతులు నెమ్మదిగా కదలాలి, చేస్తున్నంతసేపూ మాట్లాడకూడదు. మాట్లాడుతూ చేస్తే పిల్లలు మొహం చూస్తారు, చేతులు చూడరు. ఒక పని పూర్తిగా చేసి చూపించాక "ఇప్పుడు నువ్వు" అని పక్కకు జరగాలి. తప్పు చేస్తే వెంటనే దిద్దకూడదు. తప్పు ఎక్కడుందో ఆ వస్తువే చెప్పే పనులు ఎంచుకుంటే మనం దిద్దాల్సిన అవసరమూ రాదు. ఇంట్లో పూజకు సంబంధించిన పనులు దాదాపు అన్నీ అలాంటివే.

కుందులు తోమడమే చూడండి. నిమ్మకాయంత చింతపండును అర గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో పావుగంట నానబెట్టాలి. పళ్ళెంలో ఎడమ నుంచి కుడికి, ఏది ముందు వాడాలో అది ముందు వచ్చేలా సర్దాలి: పాత గుడ్డ, కుంకుడు పొడి, చింతపండు గిన్నె, కొబ్బరి పీచు, నీళ్ళ గిన్నె, పొడి గుడ్డ. చాలా ఇళ్ళలో నూనె జిడ్డుతో ఉన్న కుందినే నేరుగా చింతపండుతో రుద్దమని ఇస్తారు. చింతపండు పులుపు చిలుము వదిలిస్తుంది గాని నూనెను వదిలించదు. పిల్లవాడు పది నిమిషాలు రుద్దినా మెరుపు రాదు, తనకు చేతకాదనుకుంటాడు. ముందు గుడ్డతో నూనె తుడిచి, కుంకుడు పొడితో జిడ్డు పోగొట్టి, ఆ తర్వాతే చింతపండు. రెండుసార్లు కడిగి వెంటనే తుడవాలి. తడిగా వదిలేస్తే అరగంటలో మచ్చలు తేలతాయి. ఆ మచ్చ చూసి రేపు వాడే తుడుస్తాడు, మీరు చెప్పక్కర్లేదు. ఒక కుందితో మొదలుపెట్టండి. జత పూర్తి చేయాలని వాడే అడుగుతాడు.

వత్తి ఇంకొంచెం కష్టం. గింజ, పొట్టు లేని దూదిని చిటికెడంత తీసి, పోగులన్నీ ఒకే వైపుకు వచ్చేలా రెండు చేతులతో మెల్లగా సాగదీయాలి. ఈ సాగదీయడం వదిలేసి నేరుగా నలిపితే మధ్యలో ఉండ కడుతుంది. అరచేతికి కాస్త విభూతి రాసుకుంటే దూది జారదు. మూడంగుళాల పొడవు సరిపోతుంది. లావైతే పొగ వస్తుంది, మరీ సన్నమైతే నూనెలో వాలిపోయి ఆరిపోతుంది. అంటే వత్తి బాగుందో లేదో సాయంత్రం దీపమే చెబుతుంది. అంచు బయటికి గోరంత వదిలి, మిగతాదంతా నూనెలో నానాలి. మొదటి వారం నిప్పు లేకుండా వత్తి వేయడం, నూనె పోయడం వరకే. తర్వాత వెలిగించడం, అదీ పెద్దవాళ్ళు పక్కన కూర్చున్నప్పుడే. పొడుగు పుల్లల అగ్గిపెట్టె, నూలు బట్టలు, దగ్గర్లో చెంబుడు నీళ్ళు. జరీ పట్టు చొక్కా పండగ రోజున ముచ్చటే, దీపం దగ్గరికి మాత్రం వద్దు.

గంధం తీయడం ఎందుకో పిల్లలకు బాగా పడుతుంది. సాన మీద నాలుగైదు చుక్కల నీళ్ళు, చెక్కను ఒత్తి పట్టుకుని గుండ్రంగా తిప్పడం, అంతే. నీళ్ళు ఎక్కువైతే గంధం జారిపోతుంది, బొట్టు నిలవదు. గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు ఒక ఆదివారం తీసుకెళ్ళండి. డబ్బులు వాడి చేతికిచ్చి పావుకిలో చామంతులు వాణ్ణే కొనమనండి. మాల కట్టే ముడి ఏడేళ్ళ వేళ్ళకు కష్టం, ముందు సూదీ దారంతో గుచ్చనివ్వండి. సాన, ఇత్తడి సామాను బేగంబజారులో చిన్న సైజులు దొరుకుతాయి. బొమ్మవి వద్దు, నీళ్ళు పోస్తే నిలిచేవి, బరువున్నవి కొనండి.

వేళ కూడా మార్చండి. పొద్దున స్కూలు బస్సు, టిఫిను, పూజ మూడూ ఒకే అరగంటలో ఇరుక్కుంటే ఎవరికీ మనశ్శాంతి ఉండదు. పొద్దుటి పూజ అత్తయ్యది, సాయంత్రం సంధ్యాదీపం బాబుది అని పంచేసుకోండి. పదిహేను నిమిషాల పని. పెద్ద పనులన్నీ శనివారానికి.

చాక్లెట్ సంగతి. ఒక్కసారిగా ఆపితే నాన్నమ్మ ప్రేమే ఆగిందనుకుంటాడు. శ్లోకానికీ తీపికీ ముడి తీసేయండి, అంతే. పూజ అయ్యాక పటికబెల్లమో అరటిపండు ముక్కో ప్రసాదంగా అందరికీ వస్తుంది, చదివినా చదవకపోయినా. పంచేది బాబు. ముందు నాన్నమ్మకు, తర్వాత అమ్మానాన్నలకు, వాచ్‌మన్ పిల్లలకు, చివర తనకు. పది ముక్కలు ఆరుగురికి ఎలా సరిపెట్టాలో అక్కడే వాడికి లెక్క ఎదురవుతుంది. పుచ్చుకునేవాడు ఇచ్చేవాడైతే బేరం దానంతటదే పోతుంది.

శ్లోకాలు మానేయమని కాదు. కంఠస్థం మాంటిస్సోరికి విరుద్ధమని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. అర్థంలేని అప్పజెప్పుడే అడ్డం. మన వేదపాఠశాలల్లో సంత (విని తిరిగి పలికే పాఠం) చెప్పేటప్పుడు గురువు ఒకసారి అంటే శిష్యుడు రెండుసార్లు అంటాడు. మధ్యలో పరీక్షా లేదు, బహుమతీ లేదు. అత్తయ్యను అదే చేయమనండి. శుక్లాంబరధరం తీసుకుంటే పాదానికి 8 అక్షరాల చొప్పున నాలుగు పాదాలు, మొత్తం 32. రోజుకొక పాదం, చప్పట్లతో అక్షరాలు లెక్కపెడుతూ. ఒక్కో మాటకూ అర్థం: తెల్లని బట్ట, చంద్రుడి రంగు, నాలుగు చేతులు. వాడు బొమ్మ గీస్తే వినాయకుడు తనే బయటికొస్తాడు. మీ అపార్ట్‌మెంట్‌లో మరో ఇద్దరు ముగ్గురు పిల్లలు శనివారం సాయంత్రం కలిస్తే ఇంకా మంచిది. ఈ వయసుకు గుంపు కావాలి.

108 దగ్గర మీ బడీ మీ పూజా చేతులు కలుపుతాయి. చిలుకూరు బాలాజీ గుడిలో మొక్కు తీరాక 108 ప్రదక్షిణలు చేసేవాళ్ళను వాడు చూసే ఉంటాడు. 108 ఎందుకని అడిగితే వెంటనే చెప్పకండి. బడిలో లెక్కలు నేర్పే పూసల కడ్డీలు (తీగకు పూసలు గుచ్చినవి) వాడికి బాగా తెలుసు. ముదురు నీలం రంగు తొమ్మిది పూసల కడ్డీలు పన్నెండు పేర్చమనండి, లేదా వంద బంగారు రంగు పూసలున్న పలకొకటి, విడి పూసలు ఎనిమిది. తర్వాత పంచాంగం తీసి 27 నక్షత్రాలు, ఒక్కోదానికి 4 పాదాలు చూపించండి. గుణించుకోవడం వాడి పని. ఆపైన తులసిపూసలతో 108 పూసల జపమాల వాడే గుచ్చొచ్చు, ప్రతి 27కీ ఒక రంగు పూస గుర్తుగా వేసి. ఆ గుర్తుపూసల్ని 108లో కలపకూడదు. ఆ పొరపాటు చేస్తాడు, చేయనివ్వండి, లెక్క తేడా వచ్చినప్పుడు వాడే విప్పుతాడు.

ఇక లడ్డూ. రెండు జవాబులు పనికిరావు: "నోర్మూసుకో" ఒకటి, "దేవుడు తినడురా, అదంతా ఉత్తిదే" అన్నది రెండోది. మొదటిది ప్రశ్నను చంపుతుంది, రెండోది నాన్నమ్మను. మాటతో మొదలుపెట్టండి. నైవేద్యం అన్న మాట నివేదించడం నుంచి వచ్చింది, అంటే విన్నవించుకోవడం, ముందుంచడం. "ఇంట్లో వండింది ముందు నీకు చెప్పి తింటున్నాం" అనడం. ఆకు, పువ్వు, పండు, నీళ్ళు, ఏదైనా భక్తితో ఇస్తే స్వీకరిస్తానని గీత తొమ్మిదో అధ్యాయంలో ఉంది. అక్కడ ఎంత తగ్గిందన్న కొలత లేదు. "మరి స్వీకరించడమంటే తినడమేనా?" అని వాడు అడుగుతాడు, తప్పకుండా అడుగుతాడు. "కొందరు అవునంటారు, కొందరు కాదంటారు. నాన్నమ్మ ఏమనుకుంటుందో అడుగుదామా?" అనండి. ఆ లోపు అత్తయ్యకు నచికేతుడి కథ గుర్తుచేయండి. ఎందుకూ పనికిరాని ముసలి ఆవుల్ని దానమిస్తున్న తండ్రిని "మరి నన్నెవరికిస్తావు?" అని మూడుసార్లు అడిగిన పిల్లవాడు, యముడి దగ్గరికి వెళ్ళి కూడా అడగడం ఆపనివాడు. ఉపనిషత్తు వాణ్ణి మెచ్చుకుంది. మనవడికి ఆ కథ చెప్పేది ఆమే అయితే, కళ్ళ మాట ఆమే వెనక్కి తీసుకున్నట్టవుతుంది. మీరు అడగాల్సిన పనే ఉండదు.

బడిలో పూజ పెట్టమని అడగకండి. ఆ తరగతిలో నమాజు ఇంటి పిల్లలూ చర్చి ఇంటి పిల్లలూ ఉంటారు, వాళ్ళ ముందు మీ బాబు దేవుడు మెజారిటీ దేవుడు కాకూడదు. కాని టీచరు దగ్గర వేరేది అడగొచ్చు. ఎలిమెంటరీలో మనిషి అవసరాల పటాలుంటాయి. తిండి, బట్ట, గూడు ఒకవైపు, కళ, మతం, అలంకారం రెండోవైపు. దాని కింద "ఏ కాలంలో ఏ ఇంట్లో ఏ దీపం" అన్న పరిశోధన బాబుకు అప్పగించమనండి. మట్టి ప్రమిద, కుంది, లాంతరు, చర్చి కొవ్వొత్తి, దర్గా చిరాగు. అన్నట్టు, విశ్వం పుట్టుక గురించి ఎలిమెంటరీలో చెప్పే మొదటి పెద్ద కథకు పాత పేరు చేతులు లేని దేవుడు. పూరీ జగన్నాథుణ్ణి చూసినవాళ్ళకు ఆ పేరు వింతగా తోచదు.

కొన్ని సాయంత్రాలు బాబు "ఇవాళ చేయను" అంటాడు. సరే అనండి. దీపం అత్తయ్య పెడతారు. వారంలో మూడు రోజులు వాడంతట వాడు వచ్చాడంటే దారి సరిగ్గానే ఉన్నట్టు. ఎనిమిది వారాల తర్వాత కూడా ఒక్కరోజూ రాకపోతే మీవారు చెప్పిన దారికి మళ్ళండి, అందులో ఓటమి ఏమీ లేదు.

వినాయక చవితి వచ్చేసరికి పత్రి బాధ్యత వాడికివ్వండి. 21 రకాలు. రైతుబజార్‌లో దొరికే కట్టలో సగం ఏ ఆకులో అమ్మేవాళ్ళకే తెలియదు. మాంటిస్సోరి పిల్లలకు ఆకు ఆకారాలు ముందే పరిచయం కనుక మారేడు మూడాకుల్ని, రావి హృదయాకారాన్ని, మామిడి బల్లెపు మొనను, గరిక గీతను ఇట్టే వేరు చేస్తాడు. ఒక్కో ఆకు పక్కన పేరు రాసిన చీటీ పెట్టమనండి. కట్ట విప్పే ముందు మాత్రం మీరే కూర్చుని ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు పక్కన పెట్టండి. మూడూ విషమే. వాటిని పట్టుకుంటే చేతులు సబ్బుతో కడగాలి. జిల్లేడు పాలు కంటికి తగిలితే చూపుకే ప్రమాదం. ఆ పూట అత్తయ్య "కండ్లు పోతయ్" అంటే అడ్డుపడకండి.